మూడు రాష్ట్రాల అంచున చింతకి

బీదర్ జిల్లా ఉత్తరపు పల్లెల సంగతి ఎత్తగానే ఎవరి నోటైనా ముందు వచ్చే మాట ఒకటే: అక్కడ జనం పలచన. బస్సు ఎందుకు తిరగదంటే జనం లేరు. డాక్టరు ఎందుకు నిలవడంటే జనం లేరు. కాలేజీ, రైలు, బ్యాంకు, ఏది అడిగినా ఇదే జవాబు. ఇన్నేళ్ళుగా చెప్పీ చెప్పీ ఈ మాటే ఒక కారణంగా చెలామణి అవుతోంది. దీన్ని చింతకి ఊరి దగ్గర నిలబెట్టి ఒకసారి పరీక్షించాలి. ఆ ప్రాంతపు వెనకబాటుకు చెబుతూ వచ్చిన మిగతా కారణాలనూ, ఇప్పటిదాకా వేసిన మందులనూ కూడా పనిలో పనిగా చూడాలి.

చింతకి ఔరాద్ తాలూకాలో ఒక హోబళి కేంద్రం. తెలంగాణ పాఠకుడికి చెప్పాలంటే పాత ఫిర్కా వంటిది. నాడకచేరి, రైతు సంపర్క కేంద్రం, పోలీసు ఠాణా ఉన్న ఊరు. ఔరాద్ కర్ణాటకకు ఉత్తరపు కొస. దాని మీద ఇక కన్నడ దేశం లేదు. తూర్పున సంగారెడ్డి జిల్లా నాగల్‌గిద్ద, కంగ్టి మండలాలు. ఇంకోవైపు మహారాష్ట్రలోని దెగ్లూరు, ఉద్గీర్. సొంత జిల్లాకు, ఔరాద్‌కు నడుమ మంజీర పారుతుంది. బీదర్ పట్నం పోవాలంటే కౌఠా దగ్గర వంతెన దాటాలి. బీదర్ నుంచి హైదరాబాదు 150 కిలోమీటర్ల లోపే, బెంగళూరు మాత్రం 700 కిలోమీటర్ల దరిదాపు. కర్ణాటక ఉద్యోగికి ఔరాద్ బదిలీ అంటే శిక్ష పడ్డట్టే అనే మాట ఊరికే పుట్టలేదు.

ముందు ఆ పలచన సంగతి. 2011 జనగణనలో బీదర్ జిల్లా జనాభా 17 లక్షలు, విస్తీర్ణం 5,448 చదరపు కిలోమీటర్లు. అంటే చదరపు కిలోమీటరుకు 313 మంది. కర్ణాటక మొత్తం సగటు 319. బెంగళూరును కూడా కలిపి తీసిన సగటు కంటే బీదర్‌లో ఆరుగురే తక్కువన్నమాట. ఔరాద్ తాలూకా జిల్లా సగటు కంటే పలచనే, కాదనలేం. అయినా కమలనగర్ వేరే తాలూకాగా విడిపోక ముందు ఆ తాలూకాలో రెండున్నర లక్షలకు పైగా మనుషులున్నారు. అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలో లవింగ్ కౌంటీ అని ఒకటుంది. విస్తీర్ణంలో ఉమ్మడి ఔరాద్ కంటే పెద్దది. 2020 జనగణనలో అక్కడ తేలినవాళ్ళు 64 మంది. అక్షరాలా అరవై నలుగురు. వాళ్ళకూ ఒక కోర్టు, ఒక షెరీఫు, ఎన్నికైన అధికారులు ఉన్నారు. జనం తక్కువైతే పాలన పలచబడి తీరాలన్న నియమం ఎక్కడా లేదని చెప్పడానికి ఈ ఒక్క కౌంటీ చాలు.

నిజంగా జనం పలచబడిన కాలం ఒకటుంది. 1899-1900 కరువు. 1891లో తొమ్మిది లక్షలున్న అప్పటి బీదర్ జిల్లా జనం 1901 లెక్కకు ఏడు లక్షల అరవై ఆరు వేలకు దిగిపోయారు. పదేళ్ళలో ఏడో వంతు మనుషులు లేకుండా పోయారు: కొందరు చచ్చి, కొందరు వలసపోయి. అప్పటి జిల్లాలో చాలా ఊళ్ళు పాయెగాలు, జాగీర్ల కింద ఉండేవి. సర్కారు నేరుగా ఏలిన ఖాల్సా ఊరికీ, జాగీరు ఊరికీ అన్నిటా తేడాయే. పోలీసు చర్య తర్వాత 1949లో జాగీర్లు రద్దయ్యాయి. వెనకబాటుకు నిజాం పాలనే కారణమనే వాదానికి ఈ చరిత్రలో బలం ఉంది. కానీ ఆ పాలన పోయి 75 ఏళ్ళు దాటాయి. ఒక తరం దాకా ఒప్పుకోవచ్చు. మూడు తరాల తర్వాత కూడా నిజాం మీదనే నెట్టేస్తే అది సాకు అవుతుంది.

ప్రకృతి మీదకు నెట్టే వాదం ఇంకా బలహీనం. బీదర్ జిల్లాలో ఏటా సగటున 800 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అనంతపురానికి పడేది 550. నేల నల్లరేగడి. వానాకాలం పెసర, మినుము, కంది, ఇప్పుడు వాటిని వెనక్కి నెట్టిన సోయా. యాసంగికి జొన్న, శనగ, కుసుమ. వాన వేళకు రాకపోతే నష్టమే, కోత వేళకు వస్తే సోయా చేన్లోనే మొలకెత్తుతుంది. కానీ ఇది ఎడారి కాదు. మంజీర ఔరాద్ గట్టు ఒరుసుకుంటూ పోయి సింగూరులో నిలిచి దశాబ్దాల పాటు హైదరాబాదు దాహం తీర్చింది. గట్టున ఉన్న చేన్లకు మాత్రం వానే దిక్కు. ఈ లోటు వానది కాదు.

ఇక అసలు సంగతికి వస్తే, అది 1956 నాటి రాష్ట్రాల పునర్విభజన.

ఈ కథ తెలుగు పాఠకులకు సగమే తెలుసు. ఫజల్ అలీ కమిషన్ 1955లో తెలంగాణను హైదరాబాదు రాష్ట్రంగా విడిగా ఉంచాలని, 1961 ఎన్నికల తర్వాత శాసనసభలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే ఆంధ్రతో కలపాలని చెప్పిన సంగతి అందరూ ఎత్తుతారు. ఆ హైదరాబాదు రాష్ట్రపు జిల్లాల వరసలో బీదర్ కూడా ఉందన్న సంగతి ఎవరూ ఎత్తరు. మరాఠీ, కన్నడ, తెలుగు, ఉర్దూ నాలుగూ మాట్లాడే ఆ జిల్లాలో ఏ ఒక్క భాషా సగానికి రాలేదు. భాష పేరుతో కొయ్యడానికి వీలుపడని జిల్లా కనక దాన్ని ఉన్నదున్నట్టు హైదరాబాదుతో ఉంచమన్నారు. ఆ సిఫారసు నిలవలేదు. 1956 పునర్విభజన చట్టం జిల్లాను మూడు ముక్కలు చేసింది. అహ్మద్‌పూర్, నీలంగా, ఉద్గీర్ తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి. నారాయణఖేడ్ తాలూకా, న్యాల్‌కల్ సర్కిలు, నిర్ణా సర్కిలు మినహా జహీరాబాదు తాలూకా ఆంధ్రప్రదేశ్‌కు. మిగిలింది మైసూరుకు, అంటే ఇప్పటి కర్ణాటకకు. దెగ్లూరు తాలూకాను కూడా చీల్చి జుక్కల్, బిచ్కుంద సర్కిళ్ళను తెలుగు వైపు కలిపారు. నిర్ణా ఒక్కదాన్ని విడిగా ఎంచి మైసూరులో ఉంచారంటే గీత గీసినవాళ్ళు సర్కిలు సర్కిలు చొప్పున భాష లెక్క చూశారని తెలుస్తుంది. అంత జాగ్రత్తగా చూసినా చింతకి వంటి చోట గీతకు రెండు వైపులా తెలుగు మిగిలింది, కన్నడ మిగిలింది, మరాఠీ మిగిలింది.

ఆ గీతతో పోయినవి భాషలు కావు, దారులు. నారాయణఖేడ్ రైతుకు నిన్నటిదాకా జిల్లా కచేరీ బీదర్, తెల్లారేసరికి సంగారెడ్డి. దగ్గరున్న పట్నం పరాయిదయింది, దూరంగా ఉన్నది సొంతమయింది. చింతకి వైపు వాళ్ళకు రాజధాని హైదరాబాదు నుంచి బెంగళూరుకు మారింది. ఉద్గీర్ మోండాకు ధాన్యం తోలుకుపోయేవాడు రాష్ట్రం దాటి వ్యాపారం చేసేవాడయ్యాడు. 1956కు ముందు చింతకి ఒక పెద్ద జిల్లాకు మధ్య భాగం. తర్వాత మూడు రాష్ట్రాలకూ చివరి ఊరు. రోడ్డు వేసే ప్రతి ఇంజనీరూ తన రాష్ట్రపు గీత దగ్గర పని ఆపేస్తాడు. సంగారెడ్డి నుంచి నాందేడ్ మీదుగా అకోలా పోయే 161వ నంబరు జాతీయ రహదారి పిట్లం, మద్నూర్, దెగ్లూరు గుండా పోతూ ఔరాద్‌ను పక్కకు పెట్టింది. బీదర్-నాందేడ్ రైలుమార్గం మాట దశాబ్దాలుగా నలుగుతూనే ఉంది.

కన్నడం కోసం ఇక్కడ నిలబడ్డవాళ్ళను తక్కువ చేయకూడదు. కమలనగర్‌లో పుట్టిన భాల్కి మఠాధిపతి చెన్నబసవ పట్టద్దేవరు నిజాం కాలంలో బయట ఉర్దూ బోర్డు పెట్టి లోపల కన్నడ చెప్పించారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన నాటిన బడులే ఈ కొసన కన్నడాన్ని నిలబెట్టాయి. మరాఠీ మాధ్యమపు సర్కారు బడులు కూడా ఔరాద్ తాలూకాలో ఉన్నాయి. తెలుగుకే ఇటువంటి పెద్దదిక్కు దొరకలేదు. అది ఇంటి మాటగా, పొలం మాటగా, పెళ్ళిచూపుల మాటగా మిగిలిపోయింది. గీతకు అవతల నారాయణఖేడ్ పల్లెల్లో కన్నడ, మరాఠీల గతీ అదే. 2015లో కర్ణాటక బడుల్లో కన్నడ తప్పనిసరి అన్నది, 2018లో తెలంగాణ తెలుగు తప్పనిసరి అన్నది. రెండూ న్యాయమే. కానీ మేనమామ ఊళ్ళో ఒక లిపి, మేనత్త ఊళ్ళో ఒక లిపి చదివిన పిల్లలు ఒకరికొకరు శుభలేఖ పంపుకుంటే చదివి చెప్పడానికి మూడో మనిషి కావాలి.

భాష కంటే లోతుగా కోసింది కులం పట్టీ. ఈ మూడు రాష్ట్రాల కలయిక నిండా లంబాడీ తండాలే. అవే గోత్రాలు, ఒకే గోర్ మాట, ఒకే సేవాలాల్. తండా నుంచి తండాకు పిల్లనిచ్చి పుచ్చుకుంటారు. అయితే కర్ణాటకలో వీళ్ళు షెడ్యూల్డు కులం, తెలంగాణలో షెడ్యూల్డు తెగ, మహారాష్ట్రలో ఈ రెండూ కాక విముక్త జాతి. 1976లో పార్లమెంటు చేసిన ఒకే సవరణ చట్టం తెలంగాణ లంబాడీలను తెగల్లో చేర్చింది. అదే చట్టం కర్ణాటకలో ప్రాంతపు హద్దులు ఎత్తివేయడంతో బీదర్ లంబాడీలు కులాల్లోకి వచ్చారు. ఒక రాష్ట్రపు రిజర్వేషను ఇంకో రాష్ట్రానికి వెంట రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇక ఒక తండా ఆడబిడ్డ సంగతి చూడండి. కంగ్టి వైపు పుట్టి ఎస్టీ సర్టిఫికెట్‌తో పదో తరగతి చదివింది. చింతకి వైపు కోడలైంది. కర్ణాటకలో అంగన్‌వాడీ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. ఆమె చేతిలో ఉన్న కాగితం ఇక్కడ చెల్లదు. ఇక్కడి కాగితానికి పుట్టింటి రికార్డు అడుగుతారు, అది అవతలి రాష్ట్రపు తహసీల్దారు దగ్గర ఉంటుంది. ఆమె పుట్టిన తండాకూ మెట్టిన తండాకూ నడుమ జొన్నచేలు తప్ప ఇంకేమీ లేవు. 2025లో మహారాష్ట్ర బంజారాలు తమకూ ఎస్టీ హోదా కావాలని రోడ్డెక్కినప్పుడు చూపిన ఆధారం నిజాం నాటి హైదరాబాదు గెజెట్. పోయిందనుకున్న జిల్లా రికార్డుల్లో ఇంకా బతికే ఉంది.

పథకాలు వచ్చాక ఈ గీత ఇంకొంచెం ముదిరింది. తెలంగాణ 2018లో రైతుబంధు మొదలుపెట్టినప్పుడు గట్టు అవతల పట్టా ఉన్న కర్ణాటక రైతుకు ఎకరానికి 4,000 వచ్చింది. గట్టు ఇవతలి తమ్ముడికి రాలేదు. 2023 జూన్ 11న కర్ణాటకలో శక్తి పథకం వచ్చింది, అదే ఏడాది డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి వచ్చింది. రెండింటిలోనూ ఆడవాళ్ళకు బస్సు ఉచితమే. కానీ శక్తి కర్ణాటక చిరునామా ఉన్నవాళ్ళకు, మహాలక్ష్మి తెలంగాణ చిరునామా ఉన్నవాళ్ళకు. పెళ్ళయి పదేళ్ళయినా ఆధార్‌లో పుట్టింటి చిరునామా మార్చుకోని కోడలు అత్తగారి ఊరి బస్సులో టికెట్టు కొంటుంది. మార్చుకున్న కోడలు నారాయణఖేడ్‌లో తల్లిగారింటికి పోయే బస్సులో కొంటుంది. ఎటు పోయినా ఒకచోట కండక్టరు చెయ్యి చాపుతాడు. వడ్ల కొనుగోళ్ళ రోజుల్లో పరాయి రాష్ట్రపు ధాన్యం రాకుండా సరిహద్దున లారీలు ఆపడం మామూలే.

మరి మందులు? 2002లో నంజుండప్ప కమిటీ కర్ణాటకలోని 175 తాలూకాల్లో 114 వెనకబడ్డాయని, 39 మరీ వెనకబడ్డాయని తేల్చింది. ఆ 39లో 21 గుల్బర్గా డివిజన్‌వే. ఇంత సూటిగా తాలూకా స్థాయికి దిగి లెక్క చూపిన నివేదిక దక్షిణాదిలో అరుదు, దాన్ని మెచ్చుకోవాల్సిందే. పదేళ్ళ తర్వాత 98వ రాజ్యాంగ సవరణతో 371(జె) అధికరణం వచ్చింది. హైదరాబాదు-కర్ణాటక అనే ఈ ప్రాంతపు విద్యాసంస్థల్లో 70 శాతం సీట్లు, మిగతా రాష్ట్రంలో 8 శాతం సీట్లు స్థానికులకు దక్కాయి. ప్రాంతీయాభివృద్ధి మండలి వచ్చింది. 2019లో ప్రాంతం పేరు కల్యాణ కర్ణాటకగా మారింది. దీనివల్ల కలబురగి, బీదర్ పట్నాల పిల్లలు డాక్టర్లు, ఇంజనీర్లు అయ్యారు, సందేహం లేదు. అయితే సీటు దక్కాలంటే ముందు పన్నెండో తరగతి దాకా రావాలి కదా. ఆ నిచ్చెన చింతకి పిల్ల కాలికి అందే ఎత్తులో మొదలు కాలేదు. ప్రాంతం పేరు మీద ఇచ్చిన సౌకర్యాన్ని ప్రాంతంలోని పట్నమే తిన్నది.

మందుల్లో నాకు ఎక్కువ నచ్చినది చట్టసభల్లో పుట్టినది కాదు. 1990ల రెండో సగంలో బీదర్ జిల్లా సహకార బ్యాంకు ఆడవాళ్ళ స్వయం సహాయక సంఘాలకు నేరుగా అప్పులివ్వడం మొదలుపెట్టింది. దాన్ని నడిపిన గురుపాదప్ప నాగమారపల్లి ఔరాద్ తాలూకా నాగమారపల్లి మనిషే. పంట అప్పు కోసం షావుకారు గడప తొక్కే ఆడవాళ్ళు ఊళ్ళోని సంఘం నుంచి తీసుకున్నారు. దీనికి జనసాంద్రత అడ్డు రాలేదు, భాష అడ్డు రాలేదు. తెలంగాణ వైపున 2022 ఫిబ్రవరిలో నారాయణఖేడ్‌లో సంగమేశ్వర, బసవేశ్వర ఎత్తిపోతలకు శంకుస్థాపన చేసి రెండూ కలిపి 3 లక్షల 84 వేల ఎకరాలకు నీరన్నారు. కన్నడ దేశపు బసవన్న పేరు తెలంగాణ కాలువకు పెట్టారు, బాగుంది. కాని సింగూరు నుంచి పైకి ఎత్తే నీళ్ళ లెక్కలో మంజీర గట్టు మీది ఔరాద్ చేన్ల ఊసు రాదు. నది ఒక్కటే అయినా పథకం రాష్ట్రపు గీత దగ్గర ఆగిపోతుంది.

మహారాష్ట్ర ధర్మాబాద్ వైపు పల్లెలు తెలంగాణలో కలపమన్నాయి. 2021లో రాయచూరు శాసనసభ్యుడొకరు తమ ఊరినీ కలిపెయ్యమన్నారు. మహారాష్ట్ర తన వంతుగా 2004 నుంచి సుప్రీంకోర్టులో ఎనిమిది వందలకు పైగా ఊళ్ళు అడుగుతోంది, అందులో బీదర్ పల్లెలూ ఉన్నాయి. ఈ కోరికల వెనక బాధ నిజం, పరిష్కారం మాత్రం తప్పు. గీతను ఇంకో పది కిలోమీటర్లు జరిపితే ఇంకో పది ఊళ్ళు కొత్తగా చివరి ఊళ్ళవుతాయి. నాలుగు భాషల జిల్లాను ఎటు కోసినా ఒక భాషకు నెత్తురు కారుతుందని 1955లోనే తెలిసింది.

గీత తెలియని సంగతులు ఇక్కడ ఇప్పటికీ ఉన్నాయి. దేవణి పశువులు వాటిలో ఒకటి. ఒళ్ళంతా తెలుపైతే బాలంక్యా, తెల్లటి ఒంటికి మొహం దగ్గర నలుపుంటే వన్నేరా, తెలుపు మీద నల్లమచ్చలైతే శేవేరా. పాలకూ పనికొస్తాయి, నాగలికీ పనికొస్తాయి. ఆ జాతికి పేరిచ్చిన దేవణి ఊరు ఇప్పుడు లాతూరు జిల్లాలో ఉంది, పశువైద్య విశ్వవిద్యాలయం బీదర్‌లో ఉంది. పశువులు రెండు చోట్లా సంతకు నడుస్తూనే ఉన్నాయి. ఇంకొకటి మార్గశిర అమావాస్య. లాతూరులో వేళ అమావాస్య, బీదర్‌లో ఎళ్ళ అమావాస్య. ఆ రోజు పట్నాల్లో బజారు బోసిపోతుంది. చేనులో జొన్న చొప్పతో చిన్న గుడిసె కట్టి, అయిదు రాళ్ళు పెట్టి పాండవులని పూజిస్తారు. కొత్త కుండలో అంబలి. అనపగింజలు, బఠాణీ, పచ్చిశనగ, నానా ఆకుకూరలు కలిపి ఉడికించిన భజ్జి, దానితో సజ్జరొట్టె. చేను లేనివాణ్ణి చేనున్నవాడు పిలిచి కూచోబెడతాడు. కులమేదని, భాషేదని అడగడు. హైదరాబాదు అడ్డా మీద నిలబడే కూలీ కూడా ఆ రోజుకు ఊరు చేరాలని చూస్తాడు. అధికారులెవరైనా చింతకిలో జనం ఎంతున్నారో కళ్ళారా చూడదలుచుకుంటే రావాల్సిన రోజు అది.

కాని జనగణనకు వాళ్ళు లెక్కపెట్టేది ఫిబ్రవరిలో. 2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా లెక్కించారు. మళ్ళీ 2027 ఫిబ్రవరిలోనే లెక్కిస్తారు. సరిహద్దు తండాల నుంచి చెరకు కొట్టబోయినవాళ్ళు తిరిగిరాని నెల అది. మొగుడూ పెళ్ళామూ కలిసి ఒక కోయ్తాగా (కొడవలిగా) లెక్కకట్టి, కూలీల మేస్త్రీ అయిన ముకద్దం అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోతాడు. పిల్లల్ని ముసలివాళ్ళ దగ్గర వదిలో, వెంటేసుకునో పోతారు. పటాన్‌చెరు, లింగంపల్లి వైపు సెంట్రింగు పనుల్లో ఉన్నవాళ్ళు సరేసరి. లెక్క జరిగే రోజులన్నీ ఊళ్ళో లేనివాణ్ణి ఆ ఊరి మనిషిగా రాయరు. ఎక్కడ దొరికితే అక్కడే రాస్తారు, చెరకు తోటలోని గుడారంలో దొరికితే. అలా తాళాలు వేసిన ఇళ్ళను చూసి పలచన అని తేల్చి, పలచన కనక బస్సు వద్దని, డాక్టరు వద్దని తీర్మానిస్తారు. పని లేక పోయిన మనుషులు, పోయారు కాబట్టి ఊళ్ళో ఏమీ పెట్టనక్కరలేదన్న వాదానికి సాక్ష్యమవుతున్నారు.

ఇప్పుడు కావాల్సినవి పెద్ద పెద్ద కమిషన్లు కావు. ఒకే దేశం ఒకే రేషను కింద కర్ణాటక కార్డుకు హైదరాబాదు దుకాణంలో కేంద్రపు బియ్యం వస్తున్నాయి. అంటే కార్డు గీత దాటగలదని రుజువైంది. అదే తీరున భవన కార్మికుల బోర్డు నమోదు, ఆసుపత్రి కార్డు, ఆడవాళ్ళ బస్సు టికెట్టు సరిహద్దు తాలూకాల వరకైనా రెండు రాష్ట్రాల్లో చెల్లేట్టు బెంగళూరు, హైదరాబాదు కూచుని ఒక ఒప్పందం రాసుకోవచ్చు. తండా ఆడబిడ్డ కులపత్రం కోసం ఇద్దరు తహసీల్దార్లు ఒకరికొకరు ఉత్తరం రాసుకుంటే చాలు, ఆమె రెండు రాష్ట్రాల ఆఫీసుల చుట్టూ తిరగనక్కరలేదు. అంతకంటే ముందు, 2027 ఫిబ్రవరి రాకముందే, చింతకి హోబళిలోని ప్రతి గ్రామ పంచాయతీ ఒక రిజిస్టరు తెరవాలి. ఏ ఇంటి నుంచి ఎందరు, ఎక్కడికి, ఏ నెలలో పోయి ఏ నెలలో వస్తారో రాసి, గ్రామసభలో చదివి, నకలు జిల్లా కచేరీకి పంపాలి. జనగణన అధికారి దాన్ని లెక్కలో కలుపుకోకపోవచ్చు. బడీ, బస్సూ మంజూరు చేసే అధికారి ముందు మాత్రం ఆ రిజిస్టరు పెట్టి అడగవచ్చు. నారాయణఖేడ్, జుక్కల్ పంచాయతీల వాళ్ళు కూడా ఈ పని మొదలుపెట్టాలి. మీ ఊళ్ళూ ఫిబ్రవరిలో ఖాళీగానే ఉంటాయి.